కోరంగీలు, ఆది ఆంధ్రులు

కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. 1839 నాటి తుపాను ఆ రేవును దెబ్బతీసింది గానీ దాని పేరు అప్పటికే సముద్రం దాటింది. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి రంగూన్ వెళ్ళి రేవులో బరువులు మోసిన, రిక్షాలు లాగిన తెలుగువాళ్ళందరినీ అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. వాళ్ళలో కోరంగి మొహం చూడనివాళ్ళే ఎక్కువ. ఇంగ్లీషు అధికారుల నివేదికల్లో ఆ పేరు వెంట ‘కూలీ’ అన్న మాట తరచుగా ఉండేది. పుట్టిన ఊరు, మాట్లాడే భాష, కులవృత్తి అన్నీ పోయి మనిషికి ఓడరేవు, మూట మాత్రమే మిగిలాయి. 1930 మే నెలలో రంగూన్‌లో అల్లర్లు చెలరేగినప్పుడు దాడులకు గురైంది ఈ రేవు కూలీలే.

మలయాలో భారతీయులను పిలిచిన ‘కెలింగ్’ అన్న మాటదీ ఇలాంటి కథే. కళింగం నుంచి వచ్చిన పేరది అని సాధారణంగా చెబుతారు. మలక్కాలో 1748 నాటి మసీదు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. ఒకప్పుడు అందులో చిన్నచూపు లేదు. ఈనాడు మలేషియా భారతీయులకు అది తిట్టు. పుట్టుక మంచిదని వాదిస్తే మాటకు మర్యాద రాదు. అది ఎవరి మీద పడుతోందో వాళ్ళు చెప్పిందే లెక్క.

మద్రాసు ఇంగ్లీషువాళ్ళు తెలుగువాళ్ళను ‘జెంటూ’లన్నారు, అన్యమతస్థుడని అర్థమున్న పోర్చుగీసు మాట దానికి మూలం. 1816లో క్యాంప్‌బెల్ తన వ్యాకరణానికి తెలుగు పేరే పెట్టినా, దీన్నే జెంటూ అంటారని చేర్చవలసి వచ్చింది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు పేరులో తెలుగు ఒక్కటే మిగిలింది.

బయటివాళ్ళు పెట్టిన పేర్ల గురించి ఇంత చెప్పుకునే తెలుగు సమాజం, తన ఊళ్ళలో పెట్టిన పేర్లనూ చూసుకోవాలి. ఊరికి అవతల ఉంచినవాళ్ళను ‘పంచములు’ అన్నది ఈ సమాజమే. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన వారి సభ ఆ పేరును కాదని ‘ఆది ఆంధ్ర’ అన్న పేరు తీసుకుంది. ఈ నేలకు మొదటి వారసులం మేమేనన్న వంశ ప్రకటన అది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా దాన్ని ఒప్పుకుంది. రాజమండ్రిలో కవి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాసిన కాలమూ అదే. గాంధీ ఇచ్చిన ‘హరిజన’ ఎంత ప్రేమతో వచ్చినా పైనుంచి వచ్చిన పేరు. కుల ధ్రువపత్రాల్లో దాన్ని రాయవద్దని కేంద్రం 1982లో రాష్ట్రాలకు చెప్పింది. కారంచేడులో దళితుల ఊచకోత తర్వాత, 1985లో ఏర్పడిన దళిత మహాసభతో ‘దళిత’ తెలుగునాట స్థిరపడింది. ఇది తాము ఎంచుకున్న పేరు.

కొండల్లోనూ ఇదే కథ. గోదావరి డెల్టాకు ఎగువన, పాపికొండల్లో కొండరెడ్లను ప్రభుత్వ పత్రాలు చాలాకాలం ‘ఆదిమ’ తెగల జాబితాలో రాశాయి. 2006లో కేంద్రం ఆ మాట తీసేసి, వారి దుర్బల స్థితిని తెలిపే పేరు పెట్టింది. కోయలు తమను తాము ‘కోయితోర్’ అని చెప్పుకుంటారు. ఇలాంటి సొంత పేర్లు ఉండగా పాఠ్యపుస్తకాలు, పత్రికలు ఇంకా ‘కొండజాతివాళ్ళు’ అని రాయడం మానుకోవాలి.