సున్నపు గీత వెనుక చదువు

బడిలో ఆటల పోటీలనగానే మనకు గుర్తొచ్చేవి ఈలలు, చప్పట్లు, కప్పులు. వాటికంటే ముందు జరిగే పని ఒకటుంది. పోటీలు రేపనగా పీఈటీ మాస్టారో, మేడమో పొద్దున్నే మైదానంలోకి దిగి మేకులు పాతి, పురికొస బిగించి, ఇనుప టేపు పరిచి, సున్నంతో గీతలు వేస్తారు. మర్నాడు సాయంత్రానికి ఆ గీతలు పిల్లల కాళ్ల కింద చెరిగిపోతాయి. వాటిని నిలబడి చూసేవాళ్లు తక్కువ. వ్యాయామ విద్యలో పీజీ, అంటే ఎం.పీ.ఎడ్., ఎంత లోతైన చదువో తెలియాలంటే మాత్రం ఆ గీతల దగ్గరే మొదలుపెట్టాలి.

ప్రమాణాల ప్రకారం 400 మీటర్ల ట్రాక్‌లో తిన్నని భాగం ఒక్కొక్కటి 84.39 మీటర్లు, వంపు వ్యాసార్ధం 36.50 మీటర్లు. ఈ రెండు అంకెలతో చుట్టుకొలత లెక్క కడితే 400 రాదు, 398 మీటర్ల చిల్లరే వస్తుంది. పరుగెత్తేవాళ్లు లోపలి గట్టును ఒరుసుకుంటూ వెళ్లరు గనక, గట్టుకు 30 సెంటీమీటర్ల ఎడంలో దూరాన్ని కొలవాలన్నది నియమం. వ్యాసార్ధాన్ని 36.80గా తీసుకుంటే లెక్క 400కి కుదురుతుంది. మన ఊళ్ల బడుల్లో గట్టు ఉండదు, సున్నపు గీతే ఉంటుంది. అలాంటి చోట ఆ ఎడం 20 సెంటీమీటర్లే. అందుకని తిన్నని భాగాన్ని 84.70 మీటర్లకు పెంచాలి. ఈ సంగతి మరిచి పుస్తకంలో ఉన్న అంకెనే దించేస్తే ట్రాక్ 63 సెంటీమీటర్లు కురచవుతుంది. చూసేవాళ్లెవరూ పట్టుకోలేరు. చుట్టు తిరిగే పరుగుల్లో నమోదైన ప్రతి టైమూ మాత్రం తప్పే అవుతుంది.

బయటి లేన్లలో పరుగెత్తేవాళ్లను కొంత ముందుకు నిలబెడతారు. దాన్ని స్టాగర్ అంటారు. లేన్ వెడల్పు 1.22 మీటర్లయితే, గట్టు లేని ట్రాక్‌లో పూర్తి చుట్టుకు లేన్ లేన్‌కూ 7.67 మీటర్ల స్టాగర్ ఇవ్వాలి. దాన్ని రాబట్టే లెక్కలో వంపు వ్యాసార్ధం కొట్టుకుపోయి, లేన్ వెడల్పు ఒక్కటే మిగులుతుంది. కాబట్టి దివిసీమలో ఓ చిన్న బడి ఆవరణలో 200 మీటర్ల ట్రాక్ వేసినా, నగరంలోని పెద్ద స్టేడియంలో 400 మీటర్ల ట్రాక్ వేసినా, లేన్ వెడల్పు ఒకటే అయితే చుట్టుకు స్టాగరూ అదే. ఈ మర్మం తెలిసినవాళ్లు పట్టికల కోసం వెతుక్కోరు. చోటు ఎంత ఇరుకైనా పిల్లలందరికీ సమానమైన పరుగు ఇవ్వగలుగుతారు.

షాట్‌పుట్ సెక్టార్‌ది మరింత అందమైన లెక్క. నియమాల పుస్తకం దాని కోణం 34.92 డిగ్రీలని చెబుతుంది. మైదానంలో కోణమాపకంతో ఆ చిల్లర డిగ్రీలను కొలవడం అయ్యే పని కాదు. కానీ ఆ కోణాన్ని ఎంచుకోవడంలోనే ఒక సౌకర్యం దాగి ఉంది. వృత్త కేంద్రం నుంచి ఎంత దూరం వెళ్లినా, అక్కడ రెండు గీతల మధ్య ఎడం ఆ దూరంలో సరిగ్గా పదింట ఆరు వంతులు. పది మీటర్ల దగ్గర ఆరు మీటర్లు, ఇరవై దగ్గర పన్నెండు. ఒక టేపు, రెండు మేకులు, పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉంటే చాలు, కోణం దానంతట అదే వస్తుంది. కబడ్డీ కోర్టు మూలలకు లంబకోణం కావాలంటే పురికొసను 3, 4, 5 మీటర్ల భుజాలతో త్రిభుజంగా బిగిస్తారు. తరగతిలో పిల్లలు విసుక్కునే పైథాగరస్ సిద్ధాంతం ఇక్కడ మట్టిలో పనిచేస్తుంది.

విజయవాడ, గుంటూరుల మధ్య జాతీయ రహదారి పక్కన 1976లో నెలకొన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్యకు ఒక కళాశాల ఉంది. అక్కడ బీ.పీ.ఎడ్., ఎం.పీ.ఎడ్. చదువుతారు. మన రాష్ట్రంలో బీ.పీ.ఎడ్.లో చేరాలంటే పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష గట్టెక్కాలి. అందులో కలంతో పనిలేదు. 100 మీటర్లు పరుగెత్తాలి, షాట్ విసరాలి, లాంగ్ జంపో హైజంపో చెయ్యాలి, మగపిల్లలు 800 మీటర్లు, ఆడపిల్లలు 400 మీటర్లు పూర్తి చెయ్యాలి, ఆపైన ఏదో ఒక ఆటలో నేర్పు చూపాలి. అలా ఒంటితో పరీక్ష రాసినవాళ్లే బీ.పీ.ఎడ్. ముగించి ఎం.పీ.ఎడ్.కు వస్తారు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనల ప్రకారం ఇది రెండేళ్లు, నాలుగు సెమిస్టర్ల చదువు. శరీరధర్మశాస్త్రం, బయోమెకానిక్స్, గణాంకశాస్త్రం, క్రీడా మనస్తత్వం, శిక్షణ సూత్రాలు, గాయాల సంరక్షణ అన్నీ అందులో ఉంటాయి.

ఈ చదువుకు మన వైపు పాత వేళ్లే ఉన్నాయి. కోస్తా జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాలను నెలకొల్పారు. ఉపాధ్యాయులకు వ్యాయామ విద్యను పద్ధతిగా నేర్పడంలో ఈ దేశానికి దారి చూపిన సంస్థ అది. కలియుగ భీముడిగా పేరొందిన కోడి రామ్మూర్తి నాయుడు అంతకుముందే మద్రాసులో శిక్షణ పొంది వచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఇక కృష్ణా జిల్లా బిడ్డ, ‘నర్తనశాల’లో భీముడిగా కనిపించిన వెయిట్ లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు పేరు నేటికీ విజయవాడ ఇండోర్ స్టేడియం మీద ఉంది. బలాన్ని మెచ్చుకోవడం మనకు బాగా అలవాటే. ఆ బలాన్ని పద్ధతిగా పెంచి, దెబ్బతినకుండా కాచే విద్యనూ అంతే మెచ్చుకోవాలి.

ఆ కాపుదలలోని పనితనం ‘అథ్లెటిక్ కేర్ అండ్ రీహాబిలిటేషన్’ పాఠంలో తెలుస్తుంది. డెల్టా నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. కబడ్డీలో వెనక్కి జరిగే కాలు ఆ నెర్రెలో పడితే మడమ లోపలికి మెలిపడి, చీలమండ బయటివైపు స్నాయువు సాగుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే కాలు పట్టి లాగబోతారు, మర్దనా చెయ్యబోతారు. చదువుకున్న చెయ్యి ముందు ఆ రెండింటినీ ఆపుతుంది. చీలమండకు రెండు వైపులా పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచును, కింది ఆరు సెంటీమీటర్ల మేర, వేలితో నెమ్మదిగా నొక్కుతూ వస్తుంది. ఎముక మీదే నొప్పి ఉందా? పిల్లవాడు నాలుగడుగులు వెయ్యగలుగుతున్నాడా? ఎముక మీద నొప్పి ఉన్నా, అడుగు పడకపోయినా ఎక్స్‌రేకు పంపాల్సిందే. 1992లో కెనడాలోని ఒటావా వైద్యులు వెలువరించిన ఈ పరీక్షకు ఏ యంత్రమూ అక్కర్లేదు. వేలికి ఓపిక ఉండాలి, ఎక్కడ నొక్కాలో తెలియాలి.

తర్వాత టేపు కట్టడం. పాదాన్ని పిక్కకు లంబంగా నిలిపి, పైన ఆధారపు పట్టీ చుట్టి, అరికాలి కింద నుంచి రెండు వైపులా పట్టీలు పైకి లాగి, మడమను బిగించి, పాదం మీదుగా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతారు. ఎక్కడా ముడత పడకూడదు. ముడత పడిన చోట బొబ్బ లేస్తుంది. ముగించాక కాలి గోరును నొక్కి వదిలి, రంగు రెండు సెకన్లలో తిరిగి వస్తోందో లేదో చూస్తారు. రాకపోతే కట్టు విప్పి మళ్లీ కట్టాలి. వాపు తగ్గాక ఒంటికాలి మీద నిలబడే సాధన మొదలవుతుంది. స్నాయువు మానినంత మాత్రాన సరిపోదు, తూకం తప్పినప్పుడు సర్దుకోవడం ఆ కాలు మళ్లీ నేర్చుకోవాలి. ఈ చివరి మెట్టు దాటకుండా మైదానంలోకి దిగిన పిల్లవాడికి అదే చీలమండ మళ్లీ మెలిపడే ప్రమాదం ఎక్కువ.

విజయవాడ ఎండ మరో పాఠం. వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే, దానికి సముద్రపు గాలిలోని తేమ తోడవుతుంది. చెమట పడుతుంది గాని ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే క్రీడాశాస్త్రంలో ఎండను కొలిచే సూచీ గాలి వేడికి పదో వంతు బరువే ఇచ్చి, తడి గుడ్డ చుట్టిన థర్మామీటరుకు పదింట ఏడు వంతులు, సూర్యుడి సెగకు రెండు వంతులు ఇస్తుంది. శరీరం కొత్త వేడికి అలవాటు పడాలంటే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుందని తెలిసిన శిక్షకులు సెలవుల తర్వాత మొదటిరోజే పిల్లల్ని పూర్తి సాధనలోకి దించరు. వడదెబ్బ తగిలి మనిషి తికమకగా మాట్లాడుతుంటే ముందు చల్లటి నీళ్లలో ఒళ్లు చల్లార్చాలి, తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. ఈ వరుస తప్పితే ప్రాణమే పోవచ్చు.

అమెరికాలో ఇదంతా అథ్లెటిక్ ట్రైనర్ అనే ప్రత్యేక వృత్తి. 1950లో వాళ్లకు జాతీయ సంఘమే ఏర్పడింది. మన బడుల్లో ట్రాక్ వేసే మనిషే కట్టూ కడతాడు, ఆట నేర్పే మేడమే ఎండ నుంచి కాపాడుతుంది. అన్ని పనులూ ఒక్కరి మీద పడటం భారమే. ఎం.పీ.ఎడ్. ఘనత కూడా అందులోనే ఉంది. డిసర్టేషన్ సమయంలో విద్యార్థులు పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కొత్త సాధన ఇచ్చి, రెండో గుంపును మామూలుగా ఆడించి, ముందూ తర్వాతా ఎంత ఎగిరారో, ఎంత వేగంగా పరుగెత్తారో కొలిచి పోలుస్తారు. తను నేర్పింది నిజంగా పనిచేసిందా అని తన పనినే పరీక్షకు పెట్టుకునే అలవాటు అక్కడ పడుతుంది. గీత వేసే చేతికీ, గాయం తడిమే వేలికీ, ఫలితం లెక్కగట్టే బుద్ధికీ క్రమశిక్షణ ఒక్కటే: ఊహించి వదిలెయ్యకుండా కొలిచి చూడటం.

ఇంత నేర్చుకుని వచ్చినవాళ్ల ఆటల పీరియడ్‌ను లెక్కల సిలబస్ కోసం లాగేసుకునే బడులు మన మధ్య ఉన్నాయి. అలా లాగేసుకుంటే పిల్లలకు పోయేది ఒక గంట ఆట ఒక్కటే కాదు. తమ ఒంటిని ఎలా పెంచుకోవాలో, ఎలా కాచుకోవాలో నేర్పగల గురువు కూడా వాళ్లకు దూరమవుతారు. ఆ పీరియడ్ వాళ్లకు వదలాలి. సున్నం, టేపు, ఐస్, కట్టు పట్టీల కోసం బడి బడ్జెట్‌లో ఏటా కొంత డబ్బు ఉంచాలి. ఆటల పోటీల రోజున గెలిచిన పిల్లల పేర్లతో పాటు మైదానం వేసినవాళ్ల పేరు కూడా మైకులో చెప్పాలి.