మారినవానికే క్షమాభిక్షా?

స్టాన్లీ టూకీ విలియమ్స్ కాలిఫోర్నియాలోని 'క్రిప్స్' ముఠా స్థాపకులలో ఒకడు. 1979లో జరిగిన నాలుగు హత్యలకు 1981లో అతనికి మరణశిక్ష పడింది. చెరసాలలో అతడు ముఠాలకు వ్యతిరేకంగా పిల్లల పుస్తకాలు వ్రాశాడు. ఆ హత్యలు మాత్రం తాను చేయలేదన్నాడు. హత్యలకు క్షమాపణ కోరనిదే విమోచన లేదంటూ గవర్నరు ష్వార్జ్‌నెగర్ 2005 డిసెంబరు 12న అర్జీని తిరస్కరించారు. మరునాడే శిక్ష అమలైంది.

గవర్నరు మాటలో సత్యం లేకపోలేదు. జక్కయ్య మారుమనస్సు, అన్యాయంగా తీసుకున్నదాన్ని తిరిగి చెల్లించడంలో కనబడింది (లూకా 19:8). హతుల కుటుంబాల దుఃఖాన్ని పుస్తకాలు తీర్చలేవు. అయితే నిర్దోషినని చెప్పేవాడు దేనిని ఒప్పుకోవాలి? ఇక అతని పక్షాన నిలిచినవారిలో అనేకులు కూడా అదే త్రాసు పట్టుకున్నారు: మారాడు గనుక బ్రతకనివ్వమన్నారు. మరి మారనివాని ప్రాణానికి విలువ లేదా? కయీను పశ్చాత్తాపపడినట్లు ఆదికాండం చెప్పదు, అయినా ఎవడూ అతనిని చంపకుండా దేవుడు గురుతు వేశాడు (ఆది. 4:15).

చెరసాల పరిచర్య చేసే మనం ఖైదీ మారుమనస్సుకు సాక్షులుగా నిలవవచ్చు. దానిని అతని ప్రాణానికి వెలగా చూపితే కృపను కూలిగా మార్చినవారమవుతామని మేము భావిస్తున్నాము.