వేరే గరిటె

"ముక్కలన్నీ తీసేశానమ్మా, వట్టి పులుసే. రెండు ముద్దలు కలుపుకోమను."

పోయిన ఆదివారం బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర మా చెల్లెలి కొడుకు విస్తరి ముందు వంగి ఒక పెద్దావిడ అన్న మాట ఇది. పులసల కాలం కదా, యానాం నుంచి తెప్పించారు. పుస్తెలమ్మినా పులస తినాలనే నేల మీద, అంత ఖరీదైన పులుసు నోటిదాకా వచ్చి పిల్లాడికి దక్కకుండా పోతోందే అన్న బాధ తప్ప ఆవిడ మనసులో ఇంకేమీ లేదు. నన్ను వారమంతా కలవరపెట్టింది ఆ ప్రేమే. కొసరి వడ్డించే చేతిని కాదనడం గోదావరి జిల్లాలో పుట్టినవాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. వాడు "వద్దు అమ్మమ్మగారూ" అని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, పెరుగన్నంతో లేచాడు.

వాడికి చేప పడదు. కాస్త దురద పుట్టి తగ్గిపోయే వ్యవహారం కాదిది. పెదవులు చిమచిమలాడతాయి, ఒళ్ళంతా దద్దుర్లు తేలతాయి, గొంతు బిగుసుకుంటుంది, బీపీ పడిపోతే మనిషి కూలబడతాడు. ముక్క తీసేస్తే ప్రమాదం పోదు. చేప కండలో పార్వాల్బ్యుమిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. చేప పడని వాళ్ళలో చాలామందికి గిట్టనిది అదే. ఎంతసేపు మరిగించినా దాని గుణం పోదు, పులుసులోకి దిగుతుంది. దాకలో రాత్రంతా ఊరితే మర్నాటికి పులుసు రుచెక్కుతుందని మనం లొట్టలేస్తామే, ఆ ఊరేవాటిలో ఇదీ ఒకటి. కొందరికి చేప ఉడికే ఆవిరి సోకినా చాలు. ఆస్తమా ఉన్నవాళ్ళకి ముప్పు ఇంకా ఎక్కువ, వాడికి అదీ ఉంది. ఆస్తమా సంగతి విని, మృగశిర కార్తెకి చేపమందు వేయించడానికి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి తీసుకెళ్ళమని మా చెల్లెలికి చెప్పినవాళ్ళున్నారు. అక్కడ మందు పెట్టి మింగించేది బతికున్న కొరమీను పిల్లని! శాకాహారులకి బెల్లంలో పెట్టి ఇస్తారన్నది నిజమే. అయినా అన్ని చేపలు చేతులు మారే చోటికి వాణ్ణి పంపే మాటే లేదు.

"మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయమ్మా" అని ఆ భోజనాల దగ్గరే ఇంకొకరు అన్నారు. ఉన్నాయి. అసలు అలర్జీ అంటే ఏమిటో లోకానికి తెలియడానికి దారి వేసిందే చేప పడని ఒక మనిషి.

1921. అప్పట్లో జర్మనీలో ఉండి ఇప్పుడు పోలండ్‌లో ఉన్న బ్రెస్లావ్ నగరం. అక్కడ హైంజ్ క్యూస్ట్‌నర్ అనే డాక్టరుకి చేప పడదు. ఆయనతో కలిసి పనిచేసే కార్ల్ ప్రౌస్నిట్జ్‌కి చేపతో ఏ పేచీ లేదు, ఆయన్ని బాధపెట్టేది గడ్డి పుప్పొడి. ఈ పడకపోవడం ఒంట్లో ఎక్కడ కాపురముంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు. తేల్చుకోవడానికి ప్రౌస్నిట్జ్ తన ఒంటినే వాడుకున్నాడు. క్యూస్ట్‌నర్ రక్తం నుంచి తీసిన సీరం కొద్దిగా తన పొట్ట మీది చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు సరిగ్గా అదే చోట చేప సారాన్ని ఎక్కించుకున్నాడు. అక్కడ దద్దురు లేచింది. ఎన్ని చేపలు తిన్నా ఏమీ కాని మనిషి పొట్ట మీద, చేప పడని మనిషి బాధ బిళ్ళ కట్టి కనిపించింది.

రక్తంలో ఏదో ఉందని, అది ఒకరి నుంచి ఇంకొకరి చర్మానికి చేరగలదని తేలిపోయింది. ఆ ఏదో ఏమిటో పట్టుకోవడానికి ఇంకో నలభై అయిదేళ్ళు పట్టింది. 1966లో జపాన్‌కి చెందిన ఇషిజాకా దంపతులు, కిమిషిగే, టెరుకో, అమెరికాలో పనిచేస్తూ దాన్ని వేరుచేసి చూపించారు. ఇవాళ మనం రక్తపరీక్ష కాగితాల మీద చూసే ఐజీఈ అదే. ప్రౌస్నిట్జ్ చేసుకున్న పరీక్షని దశాబ్దాలపాటు రోగుల మీదా వాడారు. ఒకరి సీరం ఇంకొకరికి ఎక్కిస్తే కామెర్ల లాంటివి అంటుకునే ప్రమాదం ఉందని తర్వాత మానేశారు.

ఈ కథ నాకు ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. పక్కవాడు చేప పడదంటే ప్రౌస్నిట్జ్ నమ్మాడు. నమ్మి, అది తన చర్మం కింద ఎలా ఉంటుందో చూసుకున్నాడు. మన భోజనాల దగ్గర ఆ నమ్మకం దాకా కూడా రాం. "ఒక్క ముక్కకి ఏమవుతుంది, కాస్త సెట్రిజిన్ వేసుకుంటే సరి" అంటాం. సెట్రిజిన్ దురద తగ్గిస్తుంది, బిగుసుకున్న గొంతుని విప్పలేదు. దానికి కావలసింది అడ్రినలిన్, తొడ బయటివైపు కండలోకి, ఆలస్యం చెయ్యకుండా. అమెరికాలో ఉన్న మనవాళ్ళ పిల్లల సంచుల్లో పెన్నులాంటి సూది ఉంటుంది. మన ఊళ్ళలో మామూలు మందుల షాపుల్లో అది దొరకడం కష్టం. అందుకే మావాడి డాక్టరు ఆంప్యూలు, సిరంజి రాసిచ్చి, వాడి బరువుకి మందు ఏ గీతదాకా లాగాలో చూపించి, వాడికీ, చెల్లెలికీ, నాకూ చేత్తో చేయించి నేర్పారు. సూది పడ్డాక పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి. గబుక్కున లేపి నడిపించకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి. తేరుకున్నట్టు కనిపించినా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టవచ్చు.

బయటి తిండికి రూలు వచ్చింది. 2020 నాటి ఆహార భద్రతా సంస్థ లేబుల్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ లోపల చేప ఉంటే పైన చెప్పి తీరాలి. పచ్చ గుర్తు మనకి కొంత ధైర్యం. గోధుమరంగు గుర్తు కనిపిస్తే మాత్రం అక్షరం అక్షరం చదవాలి, వోర్సెస్టర్‌షైర్ సాస్‌లో నెత్తళ్ళ జాతి చేప ఉంటుందని ఎవరూ ఊహించరు. హోటల్లో నేనడిగే మొదటి ప్రశ్న నూనె గురించే. అపోలో ఫిష్ వేయించిన బాండీలోనే గోబీ మంచూరియా కూడా వేగుతుంది.

ఇళ్ళకీ రూలు కావాలని రాయడానికే ఈ వారం కూర్చున్నాను. రాస్తుంటే మన ఇళ్ళలో ఆ రూలు ఎప్పటినుంచో ఉందని తోచింది. దాని పేరు మడి.

మడి, అంటు అంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్ళకి తెలుసు. ఆ మంట చల్లారలేదు. మనిషిని గుమ్మం అవతల నిలబెట్టిన ఆచారం అది. కానీ వాడుకలో అది మన చేతులకి నేర్పిన పని ఒకటుంది. ఒక గిన్నెలోది ఇంకో గిన్నెలోకి కంటికి కనిపించకుండా ఎలా చేరుతుందో మన ఆడవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వం. కార్తీకమాసం వస్తే రోజూ చేప తినే ఇళ్ళలో కూడా నీచు గిన్నెలు అటక ఎక్కుతాయి. శాకాహారి చుట్టం వస్తే నీచు తగిలిన గరిటె ఆ పొయ్యి దరిదాపులకి రాదు. ఆదివారం పులుసు పోయబోయిన పెద్దావిడ ఇంట్లోనే వ్రతానికి నేను వంట చూశాను. ప్రసాదం గిన్నె ముట్టుకోబోయిన కోడలిని చెయ్యి కడుక్కు రమ్మని రెండోసారి పంపింది. దేవుడి కోసం అంత పట్టుగా చెయ్యగలిగింది పిల్లాడి కోసం చెయ్యలేకపోవడం చేతకాక కాదు, ఇదీ అలాంటిదేనని ఎవరూ చెప్పక.

మా ఇంట్లో వాడి సామాను వేరు. ఒక స్టీలు మూకుడు, రెండు గిన్నెలు, పిడికి ఎర్ర దారం కట్టిన గరిటె, చిన్న కత్తిపీట. కత్తిపీట సంగతి చాలామంది మరిచిపోతారు. బూడిద రాసి కొరమీను కోసిన కత్తిపీట మీదే వంకాయలు తరుగుతాం, చెక్కకీ ఇనుముకీ మధ్య సందులో పొలుసు చిక్కుకుని ఉంటుంది. మట్టి దాక అయితే ఎంత తోమినా నమ్మకూడదు, నేను ఇన్నేళ్ళుగా మెచ్చుకునే దాని గుణం పీల్చుకోవడమే కదా. ఈ సామానంతా ఉతికిన బట్టలో మూట కట్టి పై అరలో పెడతాను. వాడు వచ్చే రోజు మా ఇంట్లో చేప వండం, ఆవిరి కూడా ఉండకూడదని. పనమ్మాయి మొదట్లో "ఇదేంటమ్మగారూ, మీరు కూడా మడి కడుతున్నారా" అంది. అవునన్నాను. వాడు నలుగురితో పాటు పంక్తిలో కూర్చోవాలంటే నేను మడి కట్టాల్సిందే.

వచ్చే నెలలో మా పెద్దన్నయ్య మనవరాలి రిసెప్షన్ ఉంది. వంటమేస్త్రికి నిన్న ఫోన్ చేశాను. అన్నిటికన్నా ముందు ఒక పొయ్యి వెలిగించి, కొత్త నూనె పోసి, వాడి కూరలు వండి మూత పెట్టెయ్యమన్నాను.

"అప్పడాలు కూడానా అమ్మా?"

"అప్పడాలు కూడా, అదే నూనెలో."

ఆయన కాసేపు ఆలోచించి, "మా బావమరిదికి రొయ్య పడదమ్మా. ఆ రోజు వడ్డనకి వస్తాడు. వాడికీ అక్కడే పెట్టేస్తాను" అన్నాడు. రొయ్యలో గిట్టనిది వేరే ప్రొటీన్, చేప పడని వాళ్ళకి రొయ్య పడవచ్చు, రొయ్య పడని వాళ్ళకి చేప పడవచ్చు. ఆ సంగతి చెప్పి, అలాగని ఒకరిది ఇంకొకరికి వద్దు, ఆ పొయ్యి మీదికి రెండూ రాకూడదన్నాను. సరేనన్నాడు. ఆ బావమరిది చేతికే మావాడి బకెట్లు ఇవ్వమని, వడ్డన అయ్యేదాకా అతను ఇంకో బకెట్ ముట్టుకోకూడదని కూడా చెప్పాను. "వాడికి చెప్పక్కర్లేదమ్మా, వాడు ఎవర్నీ ముట్టుకోనివ్వడు" అన్నాడు మేస్త్రి.