పరాయి ఎర, మన కొరమీను

తామరాకు మీద పడ్డ రబ్బరు పురుగును వెంటనే లాగకండి. ఉండనివ్వండి. హోసూరు దగ్గరి మత్తిగిరి వైపు చెరువుల్లో పొద్దుటి పూట నీరు కదలదు, ఆకు కదలదు, మీ చేతిలో గాలం కర్ర కూడా కదలకూడదు. ఆ తరువాత కొనవేలితో దారాన్ని ఇంత తాకితే చాలు. ఆకు అంచు నుంచి పురుగు జారుతుంది. తల ముందు, నడుము తరువాత, వంకీ తిరిగిన తోక అన్నిటికన్నా ఆలస్యంగా, ఇష్టం లేనట్టు, వదల్లేనట్టు. నీళ్ళలో దిగీ దిగగానే ఆ తోకకు ప్రాణం వస్తుంది. భరతుడు చెప్పిన సాత్త్విక భావాల్లో స్తంభం ఒకటి, వేపథువు ఒకటి. ఆకు మీద ఉన్నంతసేపూ స్తంభం, నీట మునిగాక వేపథువు. ఎంత వణుకు! ఎంత సన్నని, ఎంత సిగ్గెరగని, ఎంత అందమైన వణుకు! చూస్తూ కూర్చుంటే చేప సంగతే మరిచిపోతాం.

ఈ పురుగు మనది కాదు. 1949లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రం ఏక్రన్ ఊళ్ళో, నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా తమ వంటింటి పొయ్యి మీద ప్లాస్టిక్ కరిగించి అచ్చుపోసిన వానపాముకు ఇది మనవడో మునిమనవడో. వాళ్ళు పోసింది బాస్ చేప కోసం. వెడల్పాటి నోరూ, తుంగపొదల్లో కాపు వేసే గుణమూ ఉన్న ఆ అమెరికా చేప ఆకలిని దృష్టిలో పెట్టుకునే ఈ మెత్తదనం, ఈ పొడవు, ఈ వంకీ తోక. రంగుల పేర్లు వినండి: పుచ్చకాయ గింజ, పచ్చగుమ్మడి, ఇంజిన్ ఆయిలు! పొట్లం విప్పితే సోంపు వాసన. వేళ్ళకు అంటే నూనె జిగురు. ఎండకు ఎత్తి పట్టుకుంటే ముదురాకుపచ్చ ఒంట్లో మిలమిలలాడే నల్ల నలుసులు. చేప మాట అలా ఉంచి, ముందు దీన్ని ఇలా పట్టుకుని చూడవలసిందే.

బాస్ కోసమని చేసినదాన్ని ట్రౌట్ కూడా తీసుకుంటుంది. ఈకలతో కట్టిన ఈగలకు తప్ప దేనికీ నోరు తెరవదని పేరుపడ్డ కులీన మత్స్యం, చల్లటి ఏటి వాలులో ఊగుతూ వచ్చే రెండంగుళాల బాస్ పురుగు ముందు తన మర్యాదంతా మరిచిపోతుంది. ఆ పట్టు కూడా ఎంత నాజూకు! పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసు అందుకున్నట్టు, ఆనీ ఆననట్టు. తెల్లదొరల కాలంలో ఓడెక్కి వచ్చిన ట్రౌట్ నీలగిరి ఏళ్ళలో నిలదొక్కుకుంది. మా హోసూరు చల్లదనాన్ని చూసి లిటిల్ ఇంగ్లండ్ అని మురిసిపోయేవాళ్ళున్నారు గానీ, ట్రౌటుకు ఆ చలువ చాలదు. ఈ చెరువుల్లో పరాయి పురుగును చేపట్టే రసికుడు కొరమీను.

ఇది అనౌచిత్యం కదా అని పెద్దలు అడుగుతారు. ఏ చేపకు తగిన ఎర ఆ చేపకు ఉండాలి, కొరమీనుకు కప్పే తగును, వానపాము ఎర్రే తగును అని. ఔచిత్యవాది క్షేమేంద్రుడి పేరు ఎత్తకపోయినా వాళ్ళది ఆయన వాదమే. నేను ఒప్పుకోను. ఊదారంగు ఒంటి మీద తళుకులున్న పురుగు ఏక్రన్‌లోనూ లేదు, మత్తిగిరిలోనూ లేదు. అది దేనికీ అనుకరణ కాదు. పాత్ర లేని అభినయం అది. అందుకే ఏ నీళ్ళలోనైనా చెల్లుతుంది.

ఇక ఆ పట్టు! కొరమీను గాలి పీల్చే చేప. నీళ్ళలోనే ఉన్నా ఊపిరికి పైకి రాక తప్పదు. జమ్ము అంచున ఒక గుటక చప్పుడు, ఒక చిన్న వలయం. అదిగో, ఇంటాయన ఇంట్లోనే ఉన్నాడు. ఆ వలయానికి బారెడు అవతల పురుగును దించి, ఇవతలికి నడిపించండి. ఆగండి. నడపండి. నీటి పైపొర వెనుక నుంచి ఉబ్బుతుంది, గీత తీరి, చీలి, పురుగు వెంట వస్తుంది. అప్పుడు గుండె ఎక్కడుంటుందో అడక్కండి. నీరు భళ్ళున పగులుతుంది! తామరాకు తిరగబడి తెల్లటి అడుగు చూపిస్తుంది, పక్కనున్న కొంగ లేచిపోతుంది, దారం జివ్వున నాచులోకి దిగిపోతుంది! నల్లని వీపు, పొట్ట పక్కల ఏటవాలు చారలు, పాముతల లాంటి తల, ఆ తలలో ఏమాత్రం పశ్చాత్తాపం లేని కన్ను. ట్రౌటుది శృంగారమైతే ఇది రౌద్రం. అచ్చమైన, కల్తీలేని రౌద్రం. ఎముక లాంటి ఆ నోట్లో గాలం దిగాలంటే ఒక్క ఊపిరి ఓర్చుకుని అప్పుడు కర్ర ఎత్తాలి. ఆ ఒక్క ఊపిరి ఓర్పులోనే ఈ కళంతా ఉందని నాకనిపిస్తుంది.

నీటి మీద ఎర్రగా, పొంగుతున్నట్టు కదిలే పిల్లల గుంపు కనబడితే మాత్రం కర్ర దించేయండి. ఆ గుంపు కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటారు. అప్పుడు వాళ్ళు పురుగును కొట్టేది ఆకలితో కాదు, భయంతో. భయాన్ని గాలానికి తగిలించుకోవడం రసాభాస. తెగిపోయిన రబ్బరు ముక్కను చెరువులో వదిలెయ్యడం దానికన్నా నీచం. నంది కొండల్లో పుట్టిన పినాకిని, బెంగుళూరు మురుగు మోసుకొచ్చి కెలవరపల్లి ఆనకట్ట దగ్గర నురగలు కక్కుతోంది. అంత చాలదా? ఆ నురగ ఎగిరే రోజుల్లో నదివైపు పోవాలనిపించదు. కట్ట దిగువ చిన్న చెరువులే మేలు.

వెళ్తే తొలకరి తరువాత వెళ్ళండి. జడివాన వద్దు, తుంపర చాలు. నీరు కలకబారి ఉంటే నల్లని పురుగు పెట్టండి, తేటగా ఉంటే పుచ్చకాయ గింజ. గాలం మొన పురుగు ఒంట్లో దాగి ఉండాలి, లేకపోతే తామరతూడు తప్ప ఏదీ తగలదు. గుత్తదారును అడిగి, ఇవ్వవలసింది ఇచ్చి, జమ్ము పక్కన చోటు చూసుకోండి. మొదటి దెబ్బకు మీరు తప్పకుండా కేక వేస్తారు. వేయండి, కొరమీను ఏమీ అనుకోదు.