ఇసుక కింద నీళ్లు

మైలవరం డ్యాం గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, జమ్మలమడుగులోనూ ప్రొద్దుటూరులోనూ జనం ఏటి దారి పడతారు. చంటిపిల్లల్ని చంకనేసుకుని, ఫోన్లు చేతబట్టుకుని పోతారు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మేటలుగా పడి ఉండే పెన్నలో నీళ్లు పారుతుంటే మాకది పండగే. ఎర్రగుంట్లలో నాపరాయి దుమ్ము మధ్య పెరిగినవాణ్ని, ఆ సంబరం ఎట్లాంటిదో నాకు తెలుసు. నా భయం కూడా దాని గురించే. కోనసీమ పిల్లలు కాలవ గట్టు మీద నడక నేర్చుకుంటారు. ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగకూడదో వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పనక్కర్లేదు. మా పిల్లలు నీళ్లను చూసేదే అరుదు. చూసిన రోజు దిగకుండా ఉండలేరు.

ఏటి ఇసుక గుణం తెలియాలంటే చెలమ తీసి చూడాలి. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడుతూ పోతే మూరెడు లోతులో చెమ్మ తగులుతుంది. ఇంకాస్త తోడితే అడుగునుంచి నీళ్లు ఊరతాయి. అప్పుడు ఆ అడుగు ఇసుక మీద వేలు పెట్టి చూడండి. వేలు ఆగదు, మణికట్టు దాకా దిగిపోతుంది. చెలమకు జానెడు పక్కన ఉన్న ఇసుక మాత్రం మనిషి బరువును మోస్తూనే ఉంటుంది. రెండూ ఒకే ఇసుక. ఒకచోట రేణువులు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్నాయి. రెండోచోట కిందినుంచి ఎగదన్నే నీళ్లు వాటిని విడదీసి తేలగొట్టాయి. చెలమ అంచులు ఎంత తోడినా జారి పూడిపోతుండేదీ అందుకే. ఏట్లో ఊబి అంటే, ఎవరూ తోడకుండానే పెద్ద ఎత్తున జరిగే ఇదే పని.

ప్రవాహం తగ్గిన కొత్తలో, పాయ పక్కన, సన్నటి ఒండ్రు కలిసిన చోట ఊబి ఎక్కువ. పైకి చదునుగా, తడి నిగనిగతో ఉంటుంది. కాలితో తడితే చుట్టూ ఉన్న ఇసుక జున్ను కదిలినట్టు కదులుతుంది. ఏరు దాటడం అలవాటున్న మా మామ ఒకరు ఎప్పుడూ చేతికర్ర లేకుండా ఇసుకలో దిగేవాడు కాదు. "అబ్బీ, కట్టె ముందు పోవాల, కాలు ఎనక పోవాల" అనేవాడు. కర్రను ఊరికే ఆనించేవాడు కాదు, బరువు వేసి గుచ్చేవాడు. గరగరమని శబ్దం వస్తే అడుగు వేసేవాడు. శబ్దం లేకుండా మెత్తగా దిగితే పక్కకు తిరిగేవాడు. ఎద్దుల జాడ, బండి చక్రాల గాడి కనబడితే దాని వెంబడే పోయేవాడు. దారి ఎంత చుట్టైనా సరే.

ఊబిలో పడ్డ మనిషి తల మునిగేదాకా దిగిపోతాడని సినిమాలు మన బుర్రల్లో నాటేశాయి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో డానియల్ బాన్ బృందం 2005లో నేచర్ పత్రికలో అచ్చువేసిన పరిశోధన దీన్ని తేల్చింది. ఊబి సాంద్రత మనిషి శరీర సాంద్రతకు దాదాపు రెట్టింపు. కాబట్టి మనిషి నడుము దాకా దిగి ఆగుతాడు. కానీ దిగిన కాలి చుట్టూ ఇసుక గట్టిపడుతుంది. కాలిని సెకనుకు ఒక సెంటీమీటరు వేగంతో పైకి లాగాలన్నా, ఒక కారును ఎత్తేంత బలం కావాలని వాళ్లు లెక్కగట్టారు. నలుగురు చేరి చేతులు పట్టి గుంజడం అందుకే ప్రమాదం. గుంజితే భుజాలు పోతాయి, కాలు రాదు. చేయాల్సింది వేరే ఉంది. వెనక్కి వాలి, చేతులు చాచి, బరువును వెడల్పుగా పరచాలి. కాలిని అటూ ఇటూ చిన్నచిన్నగా ఆడిస్తే సందులోకి నీళ్లు దిగి ఇసుక మళ్లీ వదులవుతుంది. ఒక్కో కాలే బయటికి తీయాలి. ఓపిక కావాలి, తొందర పనికిరాదు.

ఆ ఓపికకు వ్యవధి ఉంటుందా అన్నదే అసలు సంగతి. ఊబి పట్టుకుని నిలబెడుతుంది, ప్రాణం తీసేది ఆ తరవాత వచ్చే నీళ్లు. గండికోట, మైలవరం డ్యాంలు ఎగువన ఉన్నాయి. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎక్కడో కురిసిన వానకు అక్కడ గేట్లు లేవవచ్చు. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో జరిగింది అదే. హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతుండగా లార్జీ డ్యాం నుంచి నీళ్లు వచ్చిపడ్డాయి. 24 మంది విద్యార్థులు, వాళ్లతో వెళ్లిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. వాళ్లు దిగినప్పుడు నీళ్లు తక్కువే. ఏట్లో ఉన్నవాళ్లు మూడు చూసుకోవాలి: నీటి రంగు మారి బురద కలుస్తున్నదా, చెత్తా పుల్లలూ నురుగూ కొట్టుకొస్తున్నాయా, ఇందాక మునగని రాయి ఇప్పుడు మునిగిందా. ఒక్కటి కనబడినా చెప్పులు కూడా వెతుక్కోకుండా గట్టెక్కాలి.

మా మామ కర్ర చెప్పలేని సంగతి ఒకటి ఇప్పుడు ఏట్లో చేరింది. అది ఇసుక తవ్విన గుంత. కేంద్ర పర్యావరణ శాఖ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నదిలో తవ్వకం 3 మీటర్ల లోతు దాటకూడదు, అంతకన్నా పైనే నీళ్లు తగిలితే అక్కడే ఆపాలి. పద్ధతి ప్రకారం తవ్వినా సరే, 3 మీటర్లంటే ఏ మనిషికైనా తల మునిగే లోతు. పద్ధతి తప్పిన చోట చెప్పేదేముంది! నీళ్లొచ్చాక పైన అంతా ఒకటే మట్టం. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లాడు తరవాతి అడుగులో కనబడడు. గుంత అంచున ఇసుక కాలి కింద జారుతుంది కనక వెనక్కి రావడానికీ పట్టు దొరకదు. వంతెన స్తంభాల మొదట్లోనూ ఇట్లాంటి గుంతలే ఉంటాయి. అవి ప్రవాహం సుడి తిరిగి తోడేసినవి. 2021 నవంబరు వరదలకు కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. అదే నెల 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగింది. ఇసుకనూ గట్టునూ నీళ్లు ఎంతలా తారుమారు చేస్తాయో కడప జిల్లా అంతా కళ్లారా చూసింది. నిరుడు స్నానం చేసిన రేవే కదా అని ఈ ఏడు ధైర్యంగా దిగడానికి లేదు.

ఏట్లోనే కాదు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి తీసి వదిలేసిన క్వారీ గుంతల్లోనూ వాననీళ్లు నిలుస్తాయి. రాయిని నిలువుగా కోసినవి కనక వాటికి వాలు ఉండదు, ఎక్కి రావడానికి మెట్టు ఉండదు. థర్మల్ కేంద్రాల బూడిద చెరువులు ఇంకో రకం. పైన ఎండి పెచ్చు కడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. మేకల వెంట పోయే పిల్లలకు ఈ మాట తప్పకుండా చెప్పాలి.

ఇక సముద్రం. కడప జిల్లావాళ్లు సెలవులకు మైపాడుకో, సూర్యలంకకో బస్సు కట్టించుకుని పోతుంటారు. ఏరు కూడా సరిగా ఎరగని పిల్లలు నేరుగా సముద్రంలో దిగుతారు. అలలు విరిగి ఒడ్డుకు చేరిన నీళ్లు తిరిగి లోపలికి పోవాలి కదా, ఇసుక మెరకల మధ్య లోతైన దారి చేసుకుని పోతాయి. అక్కడ అల విరగదు, నురుగు ఉండదు, నీళ్లు కాస్త నల్లగా, నిమ్మళంగా కనబడతాయి. కొత్తవాడు ఇదే మంచి చోటనుకుని అక్కడే దిగుతాడు. ఆ లాగుడుకు ఎదురీది గెలిచినవాళ్లు లేరనే చెప్పాలి. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 2 మీటర్లకు పైగా లాగుతుంది, గజ ఈతగాడి వేగమూ దాదాపు అంతే. ఈత వచ్చినవాళ్లు ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. రానివాళ్లు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేక వేయాలి. ఆ ప్రవాహం సముద్రం లోపలికి లాగుతుందే గాని కిందికి ముంచదు, కొంత దూరం పోయాక బలం తగ్గుతుంది.

ఒక వార్త మళ్లీ మళ్లీ చదివి మనసు వికలమవుతుంది: తమ్ముణ్ని కాపాడబోయి అన్న, కొడుకును కాపాడబోయి తండ్రి. మునిగేవాడు దొరికినదాన్ని వాటేసుకుంటాడు. అందుకని దిగకుండా అందించాలి. చీర, పంచె, తాడు, మూత బిగించిన ఖాళీ క్యాను, ఏదైనా సరే. బయటికి తీశాక కడుపు నొక్కడం, తలకిందులు చేసి తిప్పడం వద్దు. ఊపిరి ఆడకపోతే నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, ఛాతీ మీద నొక్కుతూ ఉండాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

ఎండిపోయే ఏరు మాది. ఆ కరువే ఇక్కడ పనికొస్తుంది. నిండుగా పారే నదికి అడుగు ఎట్లా ఉందో ఎవరికీ కనబడదు. పెన్న అడుగు మార్చి, ఏప్రిల్ నెలల్లో మన కళ్లెదుటే ఉంటుంది. పరీక్షలు కాగానే అయ్యవార్లు ఒక పూట, ఎండ ముదరక ముందు, పిల్లల్ని ఏట్లోకి తీసుకుపోవాలని నా కోరిక. గుంతలో ఒక పొడుగాటి పిల్లాణ్ని నిలబెట్టి, అంచు వాడి తలకు ఎంత పైన ఉందో మిగతావాళ్లకు చూపించాలి. వంతెన స్తంభం మొదట్లో గొయ్యి చూపించాలి. చెలమ తీయించి వేలు పెట్టించాలి. వరద తరవాత గుంతల చోటు మారుతుందని కూడా అప్పుడే చెప్పాలి. పంచాయతీలు చేయాల్సిన పనీ ఒకటుంది. కార్తీకమాసానికి ముందే పెన్న ఒడ్డున రామేశ్వరం, పుష్పగిరి లాంటి స్నానాల రేవుల్లో గడ వేసి లోతు చూడాలి. నడుము లోతు దగ్గర వెదుళ్లు పాతి మోకు కట్టాలి. ఒక్క మోకు గట్టు మీద విడిగా ఉంచాలి, దాన్ని ఇంకే పనికీ వాడకూడదు.