ఎముకకు ఊపిరి పోసే పనివాళ్లు

1999లో బీబీసీ ‘వాకింగ్ విత్ డైనోసార్స్’ చూసి నోరు వెళ్లబెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందులో లయోప్లూరోడాన్‌ను 25 మీటర్ల జంతువుగా చూపారు. దొరికిన శిలాజాలు అంత పొడవును ఒప్పుకోవు. తెర కోసం చేసిన ఆ పెంపు నాకు నచ్చలేదు.

2022 నాటి ‘ప్రిహిస్టారిక్ ప్లానెట్’ యానిమేటర్ల పనితనం వేరు. ఆడదాని మెప్పు కోసం మగ కార్నోటారస్ తన నీలిరంగు పొట్టి చేతులను గిరగిరా తిప్పే దృశ్యం చూడండి. ఆ రంగూ ఆ నాట్యమూ ఊహే. కానీ భుజం కీలు అలా తిరగగలదని చెప్పింది ఎముకే! టి.రెక్స్ పళ్లను పెదవులు కప్పుతాయి, మోనోనైకస్‌కు ఈకలుంటాయి. అడుగు పడగానే కండ అదురుతుంది, ఒంటి బరువంతా అక్కడే తెలుస్తుంది.

ఎముక గీసిన హద్దు దాటకుండా ఇంత వినోదం పండించిన చేతులకు దండం పెట్టాలి. పిల్లలకు చూపించేటప్పుడు ఏది దొరికిందో, ఏది ఊహో కూడా చెప్పండి.