టీకా కథలో రాయని అధ్యాయం

బస్తర్‌లో ఏ పల్లెలోనైనా ఆరు వారాల బిడ్డకు పెంటావాలెంట్ టీకా వేయించాలి. అయిదు జబ్బులను అడ్డుకునే ఈ టీకాలో ఒక భాగం హిబ్ బాక్టీరియాకు సంబంధించినది. ఆ భాగంలో చంపిన క్రిమి గాని, బలహీనపరచిన క్రిమి గాని ఉండదు. క్రిమి పైతొడుగు నుంచి తీసిన పాలీశాకరైడ్, అంటే బహుశర్కర, ఒక ప్రోటీనుకు జతచేసి ఉంటుంది.

తెలుగులో టీకాలపై వచ్చే జనరంజక వ్యాసాలు చాలావరకు జెన్నర్‌తో మొదలై పాశ్చర్ దగ్గర ఆగిపోతాయి. ఆధునిక టీకాల గురించి రాసినవి కూడా ‘‘పాలీశాకరైడ్‌ను శుద్ధిచేసి’’ అని ఒక్క ముక్కతో సరిపెడతాయి. దీంతో శుద్ధి అంటే మురికి కడగడమేనన్న అపోహ విద్యార్థుల్లో మిగిలిపోతుంది.

టైఫాయిడ్ టీకా చరిత్రే ఇందుకు జవాబు. ఆ క్రిమి తొడుగులోని ‘వి.ఐ.’ పదార్థాన్ని ఫీలిక్స్, పిట్ 1934లో గుర్తించారు. మొదట్లో దాన్ని తీవ్రమైన రసాయనిక పద్ధతులతో వేరుచేశారు. మలినాలు పోయాయి, వాటితోపాటు అణువుకు అంటి ఉన్న ఎసిటైల్ సమూహాలూ ఊడిపోయాయి. మన రక్షణ వ్యవస్థ ముఖ్యంగా గుర్తుపట్టేది వాటినే! ఆ టీకా వలంటీర్లను టైఫాయిడ్ నుంచి కాపాడలేకపోయింది.

తర్వాత సెటావ్లాన్ అనే డిటర్జెంటు వాడుకలోకి వచ్చింది. దాని ధనావేశం వి.ఐ. ఋణావేశాన్ని పట్టుకోగానే, నిమ్మరసం పడిన పాలు విరిగినట్లు, అవక్షేపం ఏర్పడుతుంది. దాన్ని లవణ ద్రావణంలో కరిగించి, ఆల్కహాలుతో మళ్లీ అవక్షేపింపజేస్తారు. ఇలా మృదువుగా తీసిన వి.ఐ. టీకా నేపాల్, దక్షిణాఫ్రికాల్లో జరిగిన పరీక్షల్లో నెగ్గింది. ఆ ఫలితాలు 1987లో వెలువడ్డాయి.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలకు రెండు వైపులున్నాయి. గ్రాము వి.ఐ.లో ప్రోటీను 10 మిల్లీగ్రాములు, కేంద్రకామ్లాలు 20 మిల్లీగ్రాములు మించరాదు. ఎసిటైల్ సమూహాలు మాత్రం 2 మిల్లీమోల్‌లకు తగ్గరాదు.

రెండేళ్లలోపు పిల్లల్లో ఉత్త పాలీశాకరైడ్ సరిగా పనిచేయదు. హైదరాబాదులోని భారత్ బయోటెక్ వి.ఐ.ని టెటనస్ టాక్సాయిడ్‌కు జతచేసి, ఆరు నెలల పిల్లలకూ ఇవ్వగల టీకాను తయారుచేసింది. దానికి 2013లో మన దేశంలో లైసెన్సు లభించింది. ఈ విజయం గురించి రాసేటప్పుడు కంపెనీ పేరు, సూది ధర చెబితే చాలదు. స్థలాభావం అనే సాకు కూడా చెల్లదు. పై వివరణకు పట్టినవి నాలుగైదు వాక్యాలే.

ఇకపై టీకాపై వ్యాసం చదివినప్పుడు విద్యార్థులు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఏమి తీసేశారు? ఏమి చెడకుండా ఉంచారు? రెండో దానికి జవాబు లేని వ్యాసం సగమే రాసినట్లు.